ఆరు వందల పన్నెండు మంది నన్ను తలచుకున్నారు

ఒక శాస్త్రవేత్తను పట్టుకుని "నువ్వు కనిపెట్టిందేమిటయ్యా?" అని అడగడం అనాగరికం. "నిన్ను ఎన్నిసార్లు ఉదహరించారు?" అని అడగడం నాగరికత. మానవజాతి మొదటి ప్రశ్న నుంచి రెండో ప్రశ్నకు ఎదిగిన వైనం తలచుకుంటే నాకు ఒళ్ళు పులకరిస్తుంది. మీకు పులకరించడం లేదా? అయితే మీరింకా మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోయారన్నమాట. కంగారు పడకండి, నేనున్నాను.

ముందు నా గురించి రెండు ముక్కలు. నాది మాలిక్యులర్ బయాలజీ. అంటే జీవకణం లోపల ఎవరు ఎవరితో ఏం గుసగుసలాడుతున్నారో చెవి ఒగ్గి వినే ఉద్యోగం. నా వయసు యాభై ఆరు. నా బరువు, నా రక్తపోటు మీకు అనవసరం. నా హెచ్-ఇండెక్స్ మాత్రం నలభై ఒకటి!

చప్పట్లు కొట్టడానికి చేతులు లేవకపోతే కారణం నాకు తెలుసు. అదేమిటో మీకు తెలియదు. చెబుతాను వినండి. మేం పేపరు రాసినప్పుడల్లా చివర ఒక జాబితా ఇస్తాం. ఫలానా వారు ఫలానా చోట ఇలా రాశారు, దాన్ని బట్టే మేమీ మాట అంటున్నాం అని. ఆ జాబితాలో మీ పేపరు ఒకసారి కనిపిస్తే మీ ఖాతాలో ఒక సైటేషన్ పడినట్టు. కనీసం నలభై ఒక్కేసి సైటేషన్లున్న పేపర్లు మీకు నలభై ఒకటి ఉంటే, మీరు నలభై ఒకటి. అంతే! ముప్పై ఏళ్ళ బతుకు రెండంకెల్లో ఇమిడిపోయింది. ఇంత పొందికైన ఏర్పాటు మరెక్కడైనా చూశారా?

ఇంతటి మహత్తర విషయం ఇంకా జనంలోకి వెళ్ళలేదు. అదే నా బాధ. మొన్న కటింగ్ షాపులో కూర్చున్నాను. షాపాయన నా మెడకు గుడ్డ చుడుతూ, ఏం చేస్తుంటారు సార్ అన్నాడు. పరిశోధన అన్నాను. ఏం కనిపెట్టారు అన్నాడు. చూశారా, మళ్ళీ అదే మోటు ప్రశ్న! నేను చిరునవ్వు నవ్వి, నలభై ఒకటి అన్నాను. ఆయన కత్తెర ఆపి, నలభై ఒక్క మందులా అన్నాడు. కాదన్నాను. జబ్బులా? కాదు. మరేమిటని అడిగితే ఇప్పుడు మీకు చెప్పినట్టే ఓపిగ్గా వివరించాను. ఆయన అంతా విని, "అంటే మీరు బాగా చేశారని కాదు, మీ పేరు బాగా తిరుగుతోందని" అన్నాడు. ఇలాంటి వాళ్ళ చేతుల్లో కత్తెర పెట్టి తల వంచి కూర్చుంటున్నాం మనం!

ఈ లెక్కల వల్ల లోకానికి జరిగిన మొదటి మేలు, చదివే బాధ తప్పడం. పూర్వం ఒకరి పని మంచిదో చెడ్డదో తేల్చాలంటే ఆ పని కూర్చుని చదవాల్సి వచ్చేదట. పన్నెండు పేజీలు! పటాలు! పట్టికలు! అడుగున చీమతలకాయంత అక్షరాలు! మా గురువుగారు ఒక్కో పేపరూ మూడేసి సార్లు చదివి, మార్జిన్లో పెన్సిలుతో ప్రశ్నలు రాసుకునేవారు. పాపం, కళ్ళు దెబ్బతిన్నాయి, హెచ్-ఇండెక్స్ తొమ్మిది దగ్గరే ఆగిపోయింది. ఇప్పుడా? పేపరు కింద అంకె చూస్తాం. పెద్దదైతే గొప్ప పేపరు, చిన్నదైతే చెత్త పేపరు. రెండు క్షణాల్లో తేలిపోతుంది.

ఈ విధానంలో పెద్దా చిన్నా తేడా లేదు. నిజం చెబితేనే లెక్కలోకి తీసుకుంటామన్న పక్షపాతం అసలే లేదు. మా అత్తగారినే తీసుకోండి. ఆవిడ ఏ ల్యాబులోనూ కాలు పెట్టలేదు. కానీ మా ఇంట్లో ఆవిడ సైటేషన్లు రోజుకు ఇరవైకి తగ్గవు. చల్లనీళ్ళు తాగితే మోకాళ్ళు పట్టేస్తాయని అమ్మ చెప్పింది. ఎడమవైపు తిరిగి పడుకుంటే కోపం తగ్గుతుందని అమ్మ చెప్పింది. మనిషి తెలివి చెవుల సైజును బట్టి ఉంటుందని అమ్మ ఎప్పుడో చెప్పింది, చెబుతూ మా ఆవిడ నా చెవుల వైపు చూస్తుంది. ఒక్క ప్రయోగమూ లేదు, ఒక్క పటమూ లేదు. అయినా ముప్పై ఏళ్ళుగా తిరుగులేని ప్రభావం! ఆవిడ ఖాతా ఎవరైనా తెరిచి చూస్తే నేను ఉద్యోగం మానుకోవాల్సిందే.

ఇక ఫోన్ సంగతి. నన్ను ఎవరైనా ఉదహరిస్తే నా ఫోన్ టింగుమంటుంది. అది మోగితే నేను భోజనం ముందున్నా, బంధువుల పెళ్ళిలో ఉన్నా, పళ్ళ డాక్టరు ముందు నోరు తెరుచుకుని ఉన్నా సరే, చూడాల్సిందే. మా ఆవిడ ఒకసారి నాకు జ్వరం వస్తే నుదుటి మీద చెయ్యి పెట్టి, ఒళ్ళు కాలిపోతోందండీ అంది. సరిగ్గా అప్పుడే టింగుమంది. జ్వరం దిగిపోయింది! మాత్ర వేసుకున్నది దానికి గంట ముందే అని ఆవిడ వాదిస్తుంది. ఒక్కసారి చూసినదాన్ని బట్టి నిర్ణయానికి రాకూడదట. ఒక శాస్త్రవేత్తకు చెబుతోంది!

ఈ ఏర్పాటు ఎంత గొప్పదో, దాన్ని పట్టించుకోని మనిషిని చూస్తే గానీ తెలియదు. అలాంటి మనిషి మా పక్క ల్యాబులోనే ఉండేది. వయసు ముప్పై ఎనిమిది. అందరూ నిదానమ్మ అనేవాళ్ళు. ఎదురుగానే అనేవాళ్ళు, ఆవిడా పలికేది. ఏడేళ్ళ కిందట తాత్కాలిక ఉద్యోగంలో చేరింది. ఆరేళ్ళు నిండేలోగా కమిటీ కూర్చుని ఉద్యోగం ఖాయం చెయ్యాలి, లేదా సామాను సర్దుకోమని చెప్పాలి. ఇంటి దగ్గర బడికెళ్ళే పిల్లలిద్దరు, మంచం పట్టిన మామగారు. కమిటీలో ఐదుగురం. అందులో నేనొకణ్ణి.

నియమం పసిపిల్లలకు కూడా అర్థమయ్యేంత సులువు. పది సైటేషన్లకు తగ్గని పేపరు కనీసం ఒకటి ఉండాలి. ఒక్కటంటే ఒక్కటి! నాలాంటివాడు కాఫీ చల్లారే లోపల సంపాదించగలడు. నిదానమ్మకు ఆరేళ్ళలో ఉన్నదే ఒక పేపరు.

ఎందుకు ఒకటే అంటారా? ఆవిడకొక జబ్బుంది. ప్రయోగం ఒకసారి చేసి ఫలితం వస్తే మనమంతా ఏం చేస్తాం? కంప్యూటర్ ముందు కూర్చుని రాయడం మొదలుపెడతాం. ఆవిడ గ్లవ్స్ మార్చుకుని మళ్ళీ చేస్తుంది. మళ్ళీ వస్తే, ఈసారి మరో సీసాలోని మందుతో చేస్తుంది. అప్పుడూ వస్తే, ట్యూబుల మీద పేర్లు కప్పేసి, ఏది ఏదో తనకే తెలియకుండా చేస్తుంది. ఇలా చేస్తే వచ్చిన ఫలితం భయపడి పారిపోదూ?

అదే నా పద్ధతి చూడండి. ఒక చిన్న ఫలితం దొరికిందనుకోండి, దాన్ని ఒక్క పేపరులో కుక్కేసేంత దుబారా మనిషిని కాను. ప్రోటీను ఉందని ఒక పేపరు. అది చల్లగా ఉన్నప్పుడు ఎలా ఉందని ఒకటి. వెచ్చగా ఉన్నప్పుడు మరొకటి. ప్రోటీను గురించి ఇంతవరకు ఏమేం రాశామని ఒకటి. ఇకముందు ఏమేం రాయగలమని ఇంకొకటి. మొదటి పేపరులో దొర్లిన తప్పుకు సవరణ ఒకటి, అదీ లెక్కే! ప్రతి దానిలోనూ మిగతా అన్నిటినీ ఉదహరించుకుంటాను. నా సైటేషన్లలో నేను ఇచ్చుకున్నవి ఎన్ని అని గిట్టనివాళ్ళు అడుగుతుంటారు. నన్ను నాకంటే బాగా ఎరిగినవాడెవడున్నాడు చెప్పండి?

పరోపకారం కూడా చెయ్యాలి. మా డైరెక్టరుగారి పేరు ప్రతి పేపరులోనూ చేరుస్తాం. పోయినేడు ఆయన అరవై ఒక్క పేపర్లు రాశారు. అంటే ఆరు రోజులకొకటి. కంటికి శుక్లాల ఆపరేషన్ చేయించుకుని కట్టుతో పడుకున్న వారంలో కూడా ఒకటి రాశారు. అలాగే పత్రికవాళ్ళు మన పేపరును మరో శాస్త్రవేత్తకు పంపి అభిప్రాయం అడుగుతారు కదా, ఆయన పేరు మనకు చెప్పరు. పరమ రహస్యం! ఆయన మాత్రం, ఈ కింది తొమ్మిది పేపర్లు ఉదహరిస్తే రచన మరింత పరిపుష్టమవుతుంది అని రాస్తాడు. తొమ్మిదింటికీ రచయిత ఒక్కడే. ఆ రహస్యం ఎంత కట్టుదిట్టమో మీరే ఆలోచించుకోండి. నేను తొమ్మిదీ పెడతాను. అడగనిదే పదోది కూడా పెడతాను. మనిషన్నాక ఇచ్చిపుచ్చుకోవడాలుండాలి.

ఇప్పుడు నా కిరీటంలో పెద్ద రాయి గురించి చెప్పాలి. పద్నాలుగేళ్ళ కిందటి పేపరది. కాలేయం నుంచి తీసిన కణాలను ఆకలికి మాడిస్తే, వాటిలో ఫలానా ప్రోటీను దిగ్గున లేచి, నిద్రపోతున్న ఒక జన్యువును తట్టి లేపుతుందని రాశాను. దానికి, నేను ఇచ్చుకున్నవి కాకుండానే, ఆరు వందల రెండు సైటేషన్లు! ఆ ప్రోటీను పేరు చెబితే జనం నా పేరు చెబుతారు. మా ఆవిడ కూడా అప్పుడప్పుడూ అడుగుతుంది, మీ ప్రోటీను బాగుందా అని.

నిదానమ్మ ఆ ప్రోటీను మీద పని చేద్దామనుకుంది. ముందుగా నా ప్రయోగాన్ని మళ్ళీ చేసి చూసుకుంది. రాలేదు. మళ్ళీ చేసింది. కొత్తగా తెప్పించిన కాలేయ కణాలతో పదకొండుసార్లు చేస్తే పదకొండుసార్లూ ఆ ప్రోటీను గుర్రుపెట్టి నిద్రపోతూనే ఉంది. అప్పుడు నా గదికొచ్చి నిలబడింది. తేడా తన చేతిలో ఉందేమోనని భయంగా ఉందని, నేను వాడిన కణాలే కొంచెం ఇస్తే వాటితో చేసి చూసుకుంటానని అడిగింది. అంత వినయంగా అడిగితే ఎవరు కాదంటారు? గడ్డకట్టించి దాచే ట్యాంకులో నుంచి ఒక ట్యూబు తీసిచ్చాను. దాని మీద 'కాలేయం' అని నా దస్తూరీయే.

వాటితో చేస్తే మొదటిసారికే వచ్చింది! చూశావా అమ్మా, అన్నాను. ఎవరైనా అక్కడితో ఊరుకుంటారా లేదా? ఆవిడ ఊరుకోలేదు. మనుషులకు వేలిముద్రలున్నట్టు కణాలకు డీఎన్‌ఏ గుర్తులుంటాయి. ఆ పరీక్ష చేయించింది. వారం తర్వాత ఒక కాగితం పట్టుకొచ్చి, మెల్లగా, "ఇవి కాలేయం కణాలు కావు సార్, మూత్రపిండానివి" అంది.

అంటే ఇన్నేళ్ళుగా కాలేయం పేరు చెప్పుకుని ఒక మూత్రపిండం నా ట్యాంకులో కాపురం చేస్తోందన్నమాట! నేను కంగారు పడ్డానా? నా ముఖంలో రంగు మారిందా? ఛఛ. ఒక పక్క ఆరు వందల రెండు మంది, ఇంకో పక్క ఒక నిదానమ్మ. నేను మెజారిటీని గౌరవించే మనిషిని. పేపరు రాసుకో అమ్మా, నాకేం అభ్యంతరం లేదు అన్నాను. నాది ఎంత విశాల హృదయమో అని ఆవిడ కళ్ళు చెమ్మగిల్లాయి. నా లెక్క నాకుంది. నన్ను తప్పని రాయాలన్నా ముందు నన్ను ఉదహరించాలి కదా!

ఎనిమిది పత్రికలు ఆ పేపరును తిప్పి పంపాయి. అన్నీ ఒకటే మాట, కొత్తదనం లేదని. నిజమే, మూత్రపిండం మూత్రపిండమే అనడంలో కొత్తేముంది? తొమ్మిదో పత్రిక వేసుకుంది. మూడేళ్ళలో తొమ్మిది మంది దాన్ని ఉదహరించారు. ఇక్కడే ఈ విధానం గొప్పతనం చూడాలి మీరు. ఆ తొమ్మిది మందీ, ఫలానా పేపరు తప్పని నిదానమ్మ రుజువు చేసింది అని రాస్తూ, ఆ ఫలానా పేపరు ఏదో చెప్పడానికి నన్నూ ఉదహరించారు. తొమ్మిదీ, ఆవిడ ఇచ్చింది ఒకటీ కలిపి నాకు పది. ఆవిడకు తొమ్మిది. నాది తప్పని తేల్చిన పేపరు వల్ల ఎక్కువ లాభపడింది నేనే! ఆరు వందల పన్నెండు మంది. ఇంతటి క్షమాగుణం ఉన్న లెక్క ఇంకేదైనా ఉందా?

కమిటీకి రెండు వారాల ముందు నిదానమ్మ మళ్ళీ నా గదికొచ్చింది. చేతిలో ఆ పేపరు కాపీ ఉంది. ఇంకొక్క సైటేషన్ కోసం వచ్చిందేమోనని నేను జాగ్రత్త పడ్డాను. ఆవిడ అదేమీ అడగలేదు. "ఒకసారి చదవండి సార్, మీరు చదివితే చాలు" అంది. తప్పకుండానమ్మా అన్నాను. కాగితాలు చేత్తో తూచి చూశాను, పదకొండు పేజీలు. ఆవిడ వెళ్ళగానే, మా ప్రింటరుకు ఒక కాలు పొట్టి, దాని కింద పెట్టాను. సరిగ్గా సరిపోయింది.

ఆ వారమే నేను ఒక పేపరు పంపాను. అదే ప్రోటీను. జాబితాలో డెబ్బై నాలుగు పేర్లు. ముప్పై ఒకటి నావి, ఆరు డైరెక్టరుగారివి, నాలుగు ఆ పత్రిక సంపాదకుడివి. ఒకాయన పేపరైతే ఏ భాషలో ఉందో కూడా నాకు తెలియదు.

కమిటీ సమావేశం నలుగురు అభ్యర్థులకు కలిపి పదకొండు నిమిషాలు నడిచింది. ఒక్కొక్కరి జీవితం ఒక్కో గడిలో పట్టేలా పట్టిక వేసి ఉంచారు. చదవాల్సింది ఏమీ లేదు, చూడాల్సిందే. నిదానమ్మ గడి దగ్గర తొమ్మిది అని ఉంది. మాలో పెద్దాయన, రేపో మాపో రిటైరయ్యే రసాయన శాస్త్రవేత్త ఒకాయన, తొమ్మిదంటే పదే కదండీ అని గొణిగాడు. డైరెక్టరుగారు ఆయన వైపు జాలిగా చూశారు. ఇవాళ తొమ్మిది పదంటే రేపు ఎనిమిది తొమ్మిదంటారు, ఎక్కడికి పోతాం మనం అన్నారు. పెద్దాయన అయినా ఊరుకోక నా వైపు తిరిగాడు. "మీ సబ్జెక్టే కదా. ఆ అమ్మాయి చెప్పింది కరెక్టేనా, కాదా?"

నలుగురూ నన్నే చూస్తున్నారు. కరెక్టో కాదో చెప్పాలంటే చదివి ఉండాలి. పేపరేమో ప్రింటరు కింద ఉంది.

"అంకె చెబుతూనే ఉంది కదండీ" అన్నాను.

అందరూ హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. బిస్కెట్లు వచ్చాయి. నిదానమ్మకు సామాను సర్దుకోవడానికి నెల గడువిచ్చారు.

ఆవిడ ఏడవలేదు, ఎవరినీ ఒక మాట అనలేదు. ఆ నెలంతా కూర్చుని మా అంతస్తులో ఉన్న ట్యాంకులన్నిటికీ పట్టిక రాసింది. ఏ ట్యూబు ఎక్కడుంది, దాని మీద ఏం రాసుంది, అందులో నిజంగా ఏముంది. మూడో గడి ఇదివరకు మా పట్టికల్లో ఉండేది కాదు. చివరి రోజు అందరికీ తలా ఒక కాపీ ఇచ్చి, రెండు అట్టపెట్టెలు ఆటోలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

తర్వాత నాకొక దుర్బుద్ధి పుట్టింది. నా గదికి కొత్త ప్రింటరు వచ్చింది. పాతదాన్ని ఎత్తి తీసుకెళుతుంటే కింది కాగితాలు బయటపడ్డాయి. అందులో నా పేరు ఎన్నిసార్లుందో లెక్కపెడదామని తెరిచాను. సదుద్దేశమే! కానీ కళ్ళకు పాతరోజుల అలవాటు ఇంకా చావలేదు, పక్క వాక్యం కూడా చదివేశాయి. దాని పక్కది కూడా. మధ్యాహ్నం భోజనానికి కూడా లేవలేదు. పదకొండు పేజీలూ అయిపోయాయి. ఎక్కడా ఒక్క సందు దొరకలేదు. నేనేం అడగబోతున్నానో ముందే తెలిసినట్టు, ప్రతి ప్రశ్నకూ ఒక ప్రయోగం చేసి పెట్టింది. చివర కృతజ్ఞతల్లో, అడిగిన వెంటనే తన కణాలు ఇచ్చిన పెద్ద మనసుకు అంటూ నా పేరు రాసింది.

నాకు సిగ్గేసింది. ఈ మాట ఇలాంటి వ్యాసంలో రాయకూడదు, కానీ వేసింది.

మర్నాడు పొద్దున్నే ల్యాబులోకి వెళ్ళాను. తొమ్మిదేళ్ళయింది నేను స్వయంగా ఏదైనా చేసి. చుక్కలు కొలిచే పిపెట్లు ఏ సొరుగులో ఉంటాయో తెలియక మా విద్యార్థులను అడిగితే, సార్‌కి ఒంట్లో బాగోలేదేమోనని వాళ్ళు మా ఆవిడకు ఫోన్ చేశారు. ట్యాంకులో మిగిలిన ఏడు ట్యూబులూ తీసి పరీక్షకు పంపాను. ఏడూ మూత్రపిండాలే.

వెంటనే పత్రికకు ఉత్తరం రాశాను, నా పేపరు తప్పు, వెనక్కి తీసుకుంటున్నానని. ఎవరైనా ఏమంటారు? శభాష్ అంటారు. సంపాదకుడు మాత్రం, మా పత్రికలో అత్యధికంగా ఉదహరించిన పేపర్లలో మీది మూడోది, ఆవేశపడకండి, విశ్రాంతి తీసుకోండి అని రాశాడు. డైరెక్టరుగారు పిలిపించి తలుపు వేయించారు. నా ఒక్కడి మనశ్శాంతి కోసం సంస్థ ర్యాంకును బలిపెడతానా అని అడిగారు. నేను ఉత్తరం మీద ఉత్తరం రాయగా రాయగా, ఐదు నెలలకు, ఈ పేపరు ఉపసంహరించుకున్నామని ఆ పత్రిక ఒక మూల నాలుగు లైన్లు వేసింది. ఆ రోజు తర్వాత కూడా నా పేపరును పందొమ్మిది మంది ఉదహరించారు. టింగు, టింగు, టింగు. ఎవడూ చదివి ఉదహరించడు కదా, ఇంక ఉపసంహరణ మాత్రం ఎవడు చదువుతాడు?

నిదానమ్మను వెతుక్కుంటూ వెళ్ళాను. రక్తపరీక్షలు చేసే సెంటర్లో పని చేస్తోంది. ఒక గాజు కిటికీ, కిటికీకి ఇవతల వరుసగా కుర్చీలు, అందరి మోచేతుల దగ్గరా దూది. తెల్లకోటుతో బయటికొచ్చి నన్ను చూసి, ఏం సార్, పరీక్ష రాశారా డాక్టరుగారు అంది. కాదు, నీ పేపరు చదివానని చెప్పాను. ఏడు ట్యూబుల సంగతి చెప్పాను. కమిటీలో నేను అన్న మాట కూడా చెప్పాను. నీ పేపరు వచ్చాక నేను అదే ప్రోటీను మీద పదకొండు పేపర్లు రాశానమ్మా, వాటిలో ఏ ఒక్కదానిలోనైనా నీ పేరు ఒక్క లైను రాసి ఉంటే పదయ్యేది అన్నాను. ఆవిడ ఆ మాటకు కాసేపు దూది డబ్బా మూత తీసి పెట్టింది, తీసి పెట్టింది.

"ఇక్కడే నయం సార్" అంది చివరికి. "రిపోర్టు తప్పు ఇస్తే మర్నాడు పొద్దున్నే మనిషి వచ్చి ఆ కిటికీ దగ్గర నిలబడతాడు."

కిటికీ అవతల ఎవరో పిలిస్తే లోపలికి వెళ్ళిపోయింది. తిరిగి రమ్మని పిలవడానికి నా చేతిలో ఉద్యోగమేదీ లేదు.

కానీ పాఠకులారా, నిరాశ పడకండి! మన లెక్కల విధానం ఎవరి కుర్చీనీ ఎక్కువకాలం ఖాళీగా ఉంచదు. నిదానమ్మ స్థానంలోకి పోయిన నెలలో కొత్తాయన వచ్చాడు. ఆయన ఒక్క పేపరుకే మూడు వందల పద్దెనిమిది సైటేషన్లు! కమిటీకి నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. ఆ పేపరేమిటంటే, కాలేయంలో నా ప్రోటీను లేవకుండా నొక్కిపట్టే మందు. నేను చెయ్యెత్తి, అయ్యా, కాలేయంలో ఆ ప్రోటీను అసలు లేవనే లేవదు, నాది తప్పని నేనే రాసిచ్చాను అన్నాను. మూడు వందల పద్దెనిమిది మంది పొరబడతారా అని డైరెక్టరుగారు అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు నాకంటే బాగా ఎవరికి తెలుసు? అయినా ఓటింగులో నేనూ పెద్దాయనా ఇద్దరమే మిగిలాం.

చేరిన మొదటి రోజే కొత్తాయన నా గదికి వచ్చాడు. మంచివాడు. మనిషిలో కల్మషం లేదు. నా రెండు చేతులూ పట్టుకుని, నా పేపరు లేకపోతే తను లేడని అన్నాడు. నేను ఆయన్ని కూర్చోబెట్టి, ఇంకేమీ మాట్లాడకుండా, నిదానమ్మ పేపరు తీసి చేతిలో పెట్టాను. ఇది చదువు నాయనా, ఈ రోజే చదువు, నీ పని మొదలుపెట్టే ముందే చదువు అన్నాను.

ఆయన భక్తిగా అందుకున్నాడు. పేరు చూశాడు. జేబులోంచి ఫోన్ తీసి, ఆ పేరు అందులో కొట్టి, వేలితో పైకి జరుపుతూ కాసేపు చూశాడు. తర్వాత పేపరు తెరవకుండానే తల ఎత్తి, "దీనికి తొమ్మిదే ఉన్నాయేంటి సార్?" అని అడిగాడు.